గడ్డపు నురుగు – పాకవిచారము

తెలుగు పాఠము చెప్పువారికి గడ్డపు సబ్బుతో ఏమి పని అని పాఠకులు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నను మాకు అభ్యంతరము లేదు. గత సంవత్సరము మా తరగతిలోని ఒక విద్యార్థి వరుసగా కొన్ని దినములు మెడకు రుమాలు చుట్టుకొని వచ్చుచుండెను. జలుబు కాబోలునని మేము తలచితిమి. ఒకనాడు తరగతి ముగిసిన పిమ్మట విచారింపగా అతడు రుమాలు తొలగించి చూపెను. దవడ క్రింద, గొంతుకు ఇరుప్రక్కల ఎర్రని పొక్కులు. వానిపై నిన్నటి గాట్లు. ఆ గాట్లపై నేటి గాట్లు. క్రీము మంచిది కాదేమోనని మార్చి మార్చి నాలుగు రకములు కొన్నాడట. ప్రతి పర్యాయము ముందటి దానికంటె ఖరీదైనది. ఇంటినుండి వచ్చు సొమ్ములో ఎంత ఈ డబ్బాల పాలయ్యెనో చెప్పుటకు అతడు సిగ్గుపడెను. చూచినవారు అంటువ్యాధి అనుకొందురేమోనని హాస్టలు భోజనశాలలో కూడ ఒక మూలన వేరుగా కూర్చుండునట.

అతని కష్టమునకు కారణము క్రీము ధరలో లేదు, పేరులోను లేదు. నురుగు యొక్క పాకములో ఉన్నది. ఆ నురుగులో కలిసిన నీటిలో ఉన్నది. ఇది అతనికి విడిగా చెప్పితిమి. ఇట్టివారు మరికొందరు మన కళాశాలలో ఉందురు గనుక ఇచ్చట కొంత విపులముగ వ్రాయుచున్నాము.

ముందుగా వెంట్రుక సంగతి. గడ్డపు వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. మన గోళ్లును, పశువుల కొమ్ములును, డెక్కలును ఆ జాతి పదార్థముతోనే ఏర్పడినవి. పొడిగా ఉన్నపుడు గడ్డపు వెంట్రుక మిక్కిలి గట్టిది. అంతే లావు గల రాగితీగతో దానిని పోల్చుట వాడుక. అయితే దానికొక బలహీనత కలదు. అది నీటిని త్రాగును. తన బరువులో ఇంచుమించు మూడవవంతు నీటిని పీల్చుకొని, ఉబ్బి, మెత్తబడును. స్నానము చేసిన పిమ్మట గోళ్లు సులువుగ తెగుట అందరు ఎరిగినదే, ఇదియు అట్టిదే. తడిసిన వెంట్రుకను కోయుటకు కావలసిన బలము పొడి వెంట్రుకకు కావలసిన దానికంటె ఎంతో తక్కువ. తిరుమలలో కల్యాణకట్ట యందు క్షురకులు భక్తుల తలలను నీటితో తడిపి, ఏ నురుగు లేకయే గొరుగుదురు. అసలు పని చేయునది నీరే అనుటకు అంతకుమించిన నిదర్శనము అక్కరలేదు.

అట్లయినచో నురుగు ఎందులకు? రెండు చిక్కులున్నవి. చర్మము నుండి ఊరు నూనె వెంట్రుకకు పైపూతగ నిలిచి నీటిని లోనికి పోనీయదు. ఇది మొదటిది. రెండవది, వెంట్రుక మెత్తబడుటకు గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషములు పట్టును; ముఖము నిలువుగోడ వంటిది, దానిపై నీరు అంతసేపు నిలువదు. సబ్బు ఆ నూనెను తొలగించును. ఆ సబ్బు నురుగై నీటిని ముఖముపై పట్టి ఉంచును. అంతేకాక కత్తి అంచునకు, చర్మమునకు నడుమ జారుడు పొరయై నిలుచును. కావున గడ్డపు నురుగు అనగా నిలువుగోడపై నీటిని నిలుపు ఉపాయము. నురుగులో నీరెంత, గాలి యెంత, సబ్బెంత అను లెక్కయే దాని పాకము.

ఈ సంగతి మాకు పెండ్లినాటికి తెలియదు. తెలిసియున్నచో బాగుండెడిది. మా నికాహ్ పరాయి ఊరిలో జరిగెను. మగపెండ్లివారికి ఇచ్చిన విడిదిలో ఉదయము కుళాయి రాలేదు. బోరు నీటిని ఒక బకెట్టుతో తెచ్చి పెట్టిరి. మా చిన్నాన్న కుమారుడొకడు ఉత్సాహముతో నురుగు డబ్బా నొకదానిని కొని తెచ్చెను. మీట నొక్కగనే తెల్లని కొండ లేచెను. దానిని పొడి ముఖముపైననే పూసికొని, ఇంత నురుగుండగా భయమేమి అను ధైర్యముతో అయిదు నిమిషములలో పని ముగించితిమి. మూడుచోట్ల నెత్తురు వచ్చెను. మా ఫూఫీ దూది ముక్కలు అంటించి, సెహ్రా పూలు దట్టముగ ఉన్నవి గనుక ఎవరికిని కనబడదని ఓదార్చెను. ఖాజీగారు అడిగినపుడు ‘ఖబూల్’ అనుటకు నోరు తెరవగనే గడ్డము క్రింది గాటు మరల చిట్లి షేర్వాణీ మెడపట్టీపై ఎర్రని చుక్క పడెను. ఆ చుక్క నేటికిని పోలేదు. ఆనాటి ఛాయాచిత్రములలో మేము తల వంచికొని ఉండుటను బంధువులు వినయమనుకొనిరి.

ఆ తెల్లకొండలో ఉన్నది అధికభాగము గాలి. గాలి వెంట్రుకను మెత్తబరచదు. చూచుటకు ఎంత ఎత్తుగ ఉన్నదో, వెంట్రుకకు అందిన నీరు అంత తక్కువ.

ఇక ట్యూబు క్రీములో ఏమున్నదో చూతము. దాని పైభాగమున చిన్న అక్షరములతో ముద్రించిన పదార్థముల పట్టికను మన విద్యార్థులు చదువరు. సినిమా ప్రకటనలను మాత్రము విడువక చదువుదురు. ఆ పట్టికలో తరచు కనబడునవి స్టియరిక్ ఆమ్లము, కొబ్బరినూనె నుండి వచ్చు ఆమ్లములు, పొటాషియం హైడ్రాక్సైడు, గ్లిజరిను, నీరు. కొవ్వు ఆమ్లము క్షారముతో కలిసినపుడు సబ్బు అగును. సోడియం క్షారముతో చేసిన సబ్బు గట్టిగ నుండును. మన స్నానపు సబ్బు అట్టిది. పొటాషియం క్షారముతో చేసినది మెత్తగ నుండి నీటిలో త్వరగ కరుగును. అందుచేతనే గడ్డపు క్రీములో దానికి ప్రాధాన్యము. కొబ్బరినూనె సబ్బు క్షణములో పెద్ద పెద్ద బుడగలను లేపును, క్షణములోనే వానిని పోగొట్టుకొనును. స్టియరిక్ ఆమ్లపు సబ్బు మెల్లగ నురుగును. కాని దాని బుడగలు సన్ననివి, దట్టమైనవి, చాలసేపు నిలుచునవి. ఈ రెండింటి పొందికలోనే తయారీదారు నేర్పంతయు ఉన్నది. గ్లిజరిను గాలిలోని తేమను పట్టుకొను స్వభావము గలది. నురుగు ముఖముపై ఎండిపోకుండ కాపాడును. కొన్ని క్రీములకు ముత్యము వంటి మెరుపుండును. క్షారముతో కలియక మిగిలిన స్టియరిక్ ఆమ్లము సన్నని పలుకులుగ ఏర్పడుటచే వచ్చిన మెరుపు అది. సుగంధము, రంగు మొదలగునవి ముక్కునకు, కంటికి. గడ్డమునకు వానితో పని లేదు.

ఇంతకును ట్యూబులోని క్రీము నురుగు కాదు, నురుగునకు ముడిసరకు మాత్రమే. నీటిని కలుపువాడు తానే. పాకము చెడునది ఇచ్చటనే.

మన లాక్షణికులు కావ్యపాకములను ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని చెప్పిరి. వారు చెప్పినది రసము ఎంత సులువుగ చేతికందునను దానిని గూర్చియే గాని చిక్కదనమును గూర్చి కాదు. అయినను తరగతిలో చెప్పి చెప్పి నోటికి అలవాటైనందున ఆ పేర్లనే ఇచ్చట అరువు తెచ్చుకొందుము. పెద్దలు మన్నింతురు గాక. ద్రాక్షాపాకమున నురుగు పలుచనై చెంపల మీదుగ జారి చొక్కాపై పడును. పెద్ద బుడగలు కంటికి కనబడుచు, చూచుచుండగనే పగులును. ఇందులో నీరున్నది గాని నిలువదు. నారికేళపాకమున నురుగు గట్టిపడి, దూది ఉండలవలె నిలిచి, బ్రష్షు తీసినచో కొనలు సూదులవలె నిక్కియుండును. సినిమాలలో క్షౌరశాల దృశ్యము వచ్చినపుడెల్ల కనబడునది ఇదియే. జనులకు దీనిపై మోజు మెండు. కాని ఇందులో నీరు చాలదు. ముఖముపై రెండు నిమిషములలో ఎండి పొరలు కట్టును. రేజరు సందులలో ఇరుకుకొని దానిని మూసివేయును. కత్తి జారక ఈడ్చుకొని పోవును. ఈ రెండింటి నడుమ కదళీపాకమున్నది. బాగుగ చిలికిన గడ్డపెరుగు వంటి చిక్కదనము, పైన మీగడ వంటి నిగనిగ. కావ్యము విషయమున ద్రాక్షాపాకమే మిన్న యని పలువురు అందురు. నురుగు విషయమున కదళీపాకమునకే మా ఓటు.

దానిని సాధించు విధము కష్టము కాదు, ఓర్పు కావలెను. ముఖమును ముందుగ కడుగుకొనవలెను. స్నానానంతరము గీసికొనుట అన్నిటికంటె మేలు. బ్రష్షును నీటిలో నానబెట్టి, ఒకటి రెండు మారులు విదిలించి, బాదంగింజంత క్రీమును దానిపై వేసి, చిన్న గిన్నెలో గాని చెంపపైనే గాని గుండ్రముగ త్రిప్పవలెను. మొదట బుడగలు లేచును. కొంత త్రిప్పగనే అది ముద్దవలె చిక్కబడును. పలువురు ఇచ్చటనే ఆగిపోయి, నురుగు సిద్ధమైనదని భ్రమింతురు. నిజమునకు పని ఇచ్చట మొదలగును. బ్రష్షు కొనను నీటిలో ముంచి రెండు మూడు చుక్కలు చేర్చి మరల త్రిప్పవలెను. ఇట్లు నాలుగైదు పర్యాయములు. పాకము పట్టు స్త్రీలు తీగపాకమును వ్రేళ్ల నడుమ పరీక్షించునట్లు ఈ నురుగును కూడ బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ రుద్ది చూడవలెను. వ్రేలు వ్రేలిని తాకినట్లు తెలియక జారినచో పాకము కుదిరినది. పట్టుకొనినట్లున్నచో మరి రెండు చుక్కల నీరు. జారి నేల పడుచున్నచో చిటికెడు క్రీము. బ్రష్షు ఎత్తినపుడు నురుగు కొన నిలిచి, మెల్లగ తల వంచవలెను.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసి ఉన్నది. నురుగు మందముగ నుండిన కొలది రక్షణ హెచ్చని తలచుట పొరపాటు. కత్తి మొదటి పర్యాయము పోవునపుడు నురుగునంతటిని త్రోసికొని పోవును. అదే చోట మరల కత్తి పెట్టునపుడు అచ్చట మిగిలియుండునది కంటికి కనబడని సన్నని సబ్బునీటి పొర మాత్రమే. చర్మమును కాపాడునది ఆ పొర. గాలితో ఉబ్బిన నురుగు ఆ పొరను విడువదు. నీరు చక్కగ పట్టిన నురుగు విడుచును. గడ్డము గీసికొనునపుడు ఒకచోట కత్తి పోయిన పిమ్మట తడివ్రేలితో తాకి చూచినచో వ్రేలు జారవలెను. జారనిచో ఆ చోట మరల నురుగు పూయక కత్తి పెట్టరాదు.

నీరు నీరని ఇంతసేపు చెప్పితిమి గాని, ఏ నీరు అను ప్రశ్న మిగిలియున్నది. మా విద్యార్థి కథలో అసలు ముడి ఇచ్చటనే పడినది. అతని హాస్టలు నీరు బోరుబావి నీరు. మన ప్రాంతములలో భూమి లోతులనుండి వచ్చు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు హెచ్చుగ నుండుట సామాన్యము, దీనినే కఠినజలమందురు. సబ్బు ఇట్టి నీటిలో కలియగనే కాల్షియముతో కూడి కరగని తెల్లని తెట్టెగ మారిపోవును. బకెట్టు అంచున, కుళాయి క్రింద బండపైన కనబడు తెల్లని మరకలలో కొంత ఇదియే. అట్లు మారిన సబ్బు నురుగదు, జారదు. చర్మముపై అంటుకొని దురద పుట్టించును. మిగిలిన కొద్ది సబ్బుతో ఎంత త్రిప్పినను పాకము కుదురదు. త్రాగునీటికి భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయించిన కఠినత్వపు అవధి లీటరుకు 200 మిల్లీగ్రాములు; వేరు ఆధారము లేనిచో 600 వరకు అనుమతి. సబ్బు పాట్లు ఆ పై అవధికి చాల ముందే మొదలగును.

రసాయనశాస్త్ర విభాగములోని మా మిత్రులొకరు మా కన్నులయెదుటనే చిన్న పరీక్ష చేసి చూపిరి. రెండు సీసాలలో ఒకదానియందు హాస్టలు నీరు, మరొకదానియందు మేడపై పట్టిన వాననీరు సమముగ పోసి, రెండింటిలో సమానముగ సబ్బునీటి చుక్కలు వేసి, మూతపెట్టి కుదిపిరి. వాననీటిలో సీసా మెడవరకు నురుగు లేచి నిలిచెను. హాస్టలు నీటిలో పాలవిరుగుడు వంటి తెలుపు తప్ప మరేమియు లేదు. ఆ సీసాలను చూచినపుడు మా విద్యార్థి ముఖమున కలిగిన వికాసము ఏ పద్యము చెప్పినపుడును మాకు కనబడలేదని ఒప్పుకొనక తప్పదు.

దీనికి ఉపాయములు ఖర్చుతో కూడినవి కావు. కఠినత్వము బైకార్బొనేట్ల వలన వచ్చినదైనచో నీటిని మరిగించి, చల్లార్చి, పైతేట తీసికొనిన చాలును. అడుగున సున్నమువలె దిగును. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన వచ్చిన కఠినత్వము మరిగించినను పోదు. అట్టిచోట వాననీరు గాని, త్రాగుటకు శుద్ధిచేసి ఇరువది లీటర్ల క్యానులలో అమ్ము నీరు గాని వాడవచ్చును. క్షౌరమంతటికి ఒక గ్లాసెడు నీరు చాలును గదా. ముఖము తొలుత కడుగుటకు ఏ నీరైనను ఫరవాలేదు. సబ్బు పోవునట్లు తుడుచుకొన్న పిమ్మట నురుగు కట్టుటకు, బ్రష్షు ముంచుటకు మాత్రము మెత్తని నీరుండవలెను. అదియు దొరకనిచో క్రీము కొంచెము హెచ్చుగ వేయవలెను.

అంగడిలో దొరకు రకములను గూర్చి ఇక ఎక్కువ చెప్పనక్కరలేదు. గిల్లెట్ అను అమెరికా వర్తకుడు మార్చివాడు బ్లేడు గల రేజరును 1903లో అమ్మకమునకు పెట్టెను. ఆ సంవత్సరము అమ్ముడుపోయినవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే. తరువాత అది లోకమంతట వ్యాపించెను. అంతకుముందు క్షురకుని చేతిలో ఉన్న నురుగు విద్య, ఒకరిచే నేర్పబడక, ప్రతి యింటి అద్దము ముందునకు వచ్చిపడెను. బ్రష్షు పనికూడ వలదనువారికి 1919 నాటికే బార్బసాల్ అను బ్రష్షు లేని క్రీము అమెరికాలో వచ్చెను. అది నురుగదు, మన స్నో వంటిది, పూసికొనుటయే. పొడి చర్మము వారికి, ప్రయాణములలోను మంచిది. కాని రేజరును త్వరగ మూసివేయును. డబ్బా నురుగు 1950 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. దానిని చిమ్ముటకు వాడిన వాయువులు ఓజోను పొరకు హాని చేయునని తెలిసి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము తరువాత వానిని విడనాడిరి. ఇప్పుడు బ్యూటేను, ప్రొపేను వంటివి వాడుదురు. మంట దగ్గర డబ్బా పెట్టరాదు. జెల్ అనునది ముఖముపై రుద్దినపుడే నురుగగును. డబ్బా నురుగును వాడదలచినవారు ముఖమును బాగుగ తడిపి, పూసిన పిమ్మట తడిచేతితో రుద్ది, రెండు నిమిషములు ఆగినచో దానిలోని లోపము కొంత తీరును. మా పెండ్లినాడు ఎవరైన ఇంత మాత్రము చెప్పియున్నచో!

ఎవరికి ఏ పాకము తగునన్నది వారివారి ముఖమును బట్టి ఉండును. దట్టమైన బిరుసు గడ్డమువారు నీరు హెచ్చుగ గల నురుగును ఎక్కువసేపు నిలిపి ఉంచవలెను. చలికాలమున చర్మము పగులువారు గ్లిజరిను గల క్రీమును ఎన్నుకొనవలెను. సబ్బు నురుగు క్షారగుణము గలది. చర్మము కొంచెము ఆమ్లగుణము గలది. కావున సున్నితమైన చర్మమువారు నురుగును పది నిమిషములు ముఖముపై ఉంచుకొని వార్తాపత్రిక చదువుట తగదు. మొటిమలున్నవారికి పారదర్శకమైన జెల్ అనుకూలము. కత్తి ఎచ్చట పోవుచున్నదో కనబడును. గడ్డము పెంచుకొని ఖత్ తీర్చుకొను మన విద్యార్థులకు కూడ అదే మాట. చెంపపైన, మెడపైన గీత సరిగ రావలెనన్నచో మందపు నురుగు పనికిరాదు. గీత దాని క్రింద మాయమగును. పలుచగ పూసిన జెల్ గాని, రెండు చుక్కలు నీరు హెచ్చైన క్రీము గాని మేలు. ఒకవైపు గీత తప్పి, దానికి సరిపోవునట్లు రెండవవైపు దించి, మరల మొదటివైపు దించి, జుమా నమాజు వేళకు గడ్డములో సగము పోగొట్టుకొన్న వారిని మేము ఎరుగుదుము.

మెలిదిరిగిన వెంట్రుకలవారి విషయము వేరు. గీసిన వెంట్రుక కొన వాడియై, వంగి, మరల చర్మములోనికే గుచ్చుకొనును. దానిచుట్టు పొక్కు లేచును. మా విద్యార్థి మెడపై ఉన్నవానిలో కొన్ని ఇట్టివే. ఇట్టివారు చర్మమును లాగిపట్టి గీయరాదు. వెంట్రుక మొలచిన దిక్కునకే కత్తి నడపవలెను. నున్నదనమునకు ఆశపడి ఎదురు గీయరాదు. పొక్కులు హెచ్చుగ ఉన్నచో మూడు నాలుగు వారములు గీయుట మానుట ఉత్తమము. చీము పట్టినచో క్రీము మార్చుట కాదు, చర్మవైద్యుని చూడవలెను.

మరియొక ప్రశ్న మన కళాశాలలో తరచు వినబడును: క్రీములోని కొవ్వు ఏ జంతువుది? బ్రష్షు వెంట్రుక దేనిది? కొవ్వు అనగనే 1857 నాటి తూటాలు జ్ఞప్తికి వచ్చుట సహజము. స్టియరిక్ ఆమ్లము పామునూనె వంటి వృక్షజాతి నూనెలనుండియు, పశువుల కొవ్వునుండియు రెండు విధముల వచ్చును. పేరు చూచి చెప్పలేము. కొన్ని పెట్టెలపై పచ్చచుక్క ఉండును. అట్టి గుర్తును చూచి కొనవచ్చును. బ్రష్షుల విషయమున సందేహము మరింత న్యాయమైనది. పంది వెంట్రుకల బ్రష్షులు లోకమున విరివిగ అమ్ముదురు. మతవిధి చెప్పుటకు మేము అర్హులము కాము, ఉలమాను అడుగవలెను. అయితే కృత్రిమపు పోగుల బ్రష్షు కొనినచో ప్రశ్నయే పుట్టదు. అది త్వరగ ఆరును, తక్కువ క్రీముతో నురుగును, వాసన పట్టదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున సరిగ శుద్ధిచేయని గుఱ్ఱపు వెంట్రుకల బ్రష్షుల వలన ఆంథ్రాక్స్ వ్యాధి సైనికులకు సోకినట్లు వైద్యచరిత్రలో నమోదై ఉన్నది. కావున ఈ విషయమున ఆచారమును, ఆరోగ్యమును ఒకే బ్రష్షును చూపుచున్నవి.

క్షురకుని తలచుకొనక ఈ వ్యాసము ముగించుట కృతఘ్నత. మా చిన్ననాట మా వీధికి వచ్చు వృద్ధ హజ్జాం సాహెబు సబ్బును చాల పొదుపుగ వాడెడివాడు. చిన్న గిన్నెలోని నీటిలో వ్రేళ్లు ముంచి మా నాన్నగారి చెంపలను ఓపికగ నిమురుచు, ఊరి కబుర్లన్నియు చెప్పి ముగించిన పిమ్మటనే ఉస్తరా తీసెడివాడు. ఆ కబుర్లు కాలహరణమని మేము విసుగుకొనెడివారము. వెంట్రుక నీటిని త్రాగుటకు పట్టు కాలమునే ఆయన కబుర్లతో నింపుచుండెనని ఇప్పుడు తెలియుచున్నది. అయితే ఆయన ఉస్తరా ఒక్కటియే వీధి అందరికి. నేడు అట్లు ఒప్పుకొనరాదు. హెపటైటిస్ బి వైరసు శరీరము వెలుపల ఏడు దినములైనను బ్రతికియుండగలదు. కంటికి కనబడని నెత్తురు చాలును. క్షౌరశాలలో క్రొత్త బ్లేడు మన ఎదుటనే విప్పించుకొనవలెను. గాటుపై రుద్దు పటిక మంచిదే. అది చర్మమును ముడుచునట్లు చేసి చిన్న నెత్తుటిచుక్కను ఆపును. కాని పదిమంది గాట్లపై తిరిగిన ఒకే పటికముక్క మంచిది కాదు. అణాలనాటి నుండియు అది చవుకయే; ఎవరి ముక్క వారు ఉంచుకొనవచ్చును. పని ముగియగనే చన్నీటితో ముఖము కడిగి, తుడువక అద్దుకొని, బ్రష్షును సబ్బు పోవునట్లు కడిగి తలక్రిందుగ వ్రేలాడదీయవలెను.

మా విద్యార్థి నాలుగు వారములు గీయుట మానెను. అయిదవ వారమున వాననీటితో, నాలుగు క్రీములలో అన్నిటికంటె చవుకయైన మొదటిదానితోనే ఆరంభించెను. మొదటిరోజు నురుగు గట్టిగ వచ్చినదనియు, రెండవరోజు కారిపోయినదనియు, మూడవరోజున కుదిరినదనియు వచ్చి చెప్పెను. రుమాలు పోయినది. గొంతు క్రింద రెండు మూడు మచ్చలు ఇంకను ఉన్నవి. వాడక మిగిలిన డబ్బాలు రెండింటిని మాకు తెచ్చి ఇచ్చెను. మా ఇంటిలో వానిని వాడువారు లేరు గనుక అలమారపై అట్లే ఉన్నవి.